రెండు చేతుల పాఠం

మా టీచర్ గారు పోయారన్న కబురు ఫోన్లో వచ్చింది. అప్పుడు నేను ఆగిరిపల్లిలో మా షెడ్డులో కాయల గ్రేడింగు దగ్గర నిలబడి ఉన్నాను. మా బడి పాత విద్యార్థుల వాట్సాప్ గ్రూపులో ఎవరో ఆవిడ ఫొటోకి దండ అతికించి, కింద పెద్ద పేరా రాశారు. ఏ ఊళ్ళో పుట్టారు, ఎప్పుడు ఉద్యోగంలో చేరారు, ఏయే బళ్ళలో పనిచేశారు, ఎప్పుడు రిటైరయ్యారు, పిల్లలేం చేస్తున్నారు. చివర్లో 'ఆదర్శ ఉపాధ్యాయురాలు, క్రమశిక్షణకు మారుపేరు' అని ముక్తాయింపు. అందులో ఒక్క అబద్ధం లేదు. అందులో ఆవిడ కూడా లేరు.

ఏడుపు రావాల్సింది పోయి నాకు ఒళ్ళు మండింది. క్రమశిక్షణట! బడి పక్క రోడ్డు మీద మామిడికాయల లారీ బురదలో దిగబడితే, లెక్కల పీరియడు మధ్యలో క్లాసు మొత్తాన్ని బయటికి తీసుకెళ్ళి చూపించిన మనిషి ఆవిడ. లారీ పైకొచ్చేదాకా మాతోపాటు నిలబడి చూసి, లోపలికొచ్చాక సగంమంది చేత వార్త రాయించారు, సగంమంది చేత కథ రాయించారు. వార్త రాసినవాళ్ళు లారీ ఎటు వెళ్తోందో, ఎందుకు దిగబడిందో, ఎలా బయటపడిందో రాశారు. కథ రాసినవాళ్ళం డ్రైవరు ఆకలితో ఉన్నాడని రాశాం. "అతనికి ఆకలేస్తోందని మీకెవరు చెప్పారు?" అని అడిగి, మేం బిక్కమొహాలు వేస్తే, "ఎవరూ చెప్పకుండా తెలిసిందా! అయితే బాగుంది," అని మురిసిపోయారు. అదీ ఆవిడ క్రమశిక్షణ.

అందుకని ఆ పేరాలో ఉన్నవేవీ నేను మళ్ళీ చెప్పను. మిగిలింది చెబుతాను.

ఆవిడ జి. కొండూరు వైపు నుంచి మోపెడ్ మీద వచ్చేవారు. మగవాళ్ళే హెల్మెట్ పెట్టుకోని రోజులవి. ఆవిడ పెట్టుకునేవారు. ఊళ్ళోకి రాగానే కుర్రకారు నవ్వేవాళ్ళు, ఆవిడ హారన్ కొట్టి మరీ వాళ్ళని పలకరించేవారు. క్లాసులోకొచ్చి ఆ హెల్మెట్‌ని బల్ల మీద వెల్లకిలా పెట్టి, సంచిలో కాగితాలన్నీ అందులో కుమ్మరించేవారు. మా లైబ్రరీ అదే. పురుగుమందు డబ్బాతో వచ్చే మడత కాగితం, విత్తనాల ప్యాకెట్టు, ఎరువు బస్తా మీంచి కత్తిరించిన ముక్క, బస్సుల టైములు రాసిన కాగితం, వ్యవసాయ శాఖ వాళ్ళు పంచే కరపత్రాలు, అన్నీ అందులోనే ఉండేవి. వాటితోపాటు ఆవిడ గుండ్రటి అక్షరాలతో రాసుకొచ్చిన కథలూ ఉండేవి. చాలా కథలు ఆవిడే అల్లేవారు. ఎవరు రాశారని అడిగితే, "ఎవరో ఖాళీగా ఉన్నవాళ్ళు," అనేవారు.

పాఠం ఎప్పుడూ ఒక్కలాగే మొదలయ్యేది. బల్ల మీద రెండు కాగితాలు పక్కపక్కన పరిచేవారు. ఎడమ చెయ్యి కథ మీద, కుడి చెయ్యి రెండో కాగితం మీద. ముందు ఎడమ చేత్తో బల్ల తట్టి, "ఇది ఎవరికి జరిగింది?" అని అడిగేవారు. తర్వాత కుడి చేత్తో తట్టి, "ఇది ఎవరికైనా జరుగుతుందా?" అనేవారు. ఆ తర్వాత రెండు చేతులూ ఎత్తేసి, "ఇందులో ఉన్నది అందులో ఏముంది? అందులో లేనిది ఇందులో ఏముంది? చూసి చెప్పండి," అని, ఇక మా వంక చూడకుండా సగం బ్లేడు ముక్క తీసుకుని మా పెన్సిళ్ళన్నీ చెక్కుతూ కూర్చునేవారు. అంతసేపు మౌనంగా కూర్చోగల టీచర్ని నేను మళ్ళీ చూడలేదు. ఎవరైనా కంగారుపడి ఏదో ఒకటి చెప్పబోతే, "తొందరేం లేదమ్మా, అక్షరాలు ఎక్కడికీ పారిపోవు," అనేవారు.

పిల్లలం దీనికి రెండు చేతుల పాఠం అని పేరు పెట్టేశాం. పేరు ఇంటిదాకా పాకింది. మా అమ్మ పక్కింటివాళ్ళ గురించి ఏదైనా రసవత్తరంగా చెబుతుంటే నేను మధ్యలో దూరి, "అమ్మా, ఇది ఎడంచేతిదా కుడిచేతిదా?" అని అడిగేదాన్ని. నెత్తిన ఒక మొట్టికాయ పడేది. ఒక పిల్లాడి నాయనమ్మ అయితే ఏకంగా బడికే వచ్చేసింది. "చదువులతల్లిని ఎడంచేత్తో ముట్టుకోవడమేంటమ్మా, పిల్లలకి అదేం నేర్పడం?" అని నిలదీసింది. టీచర్ గారు నవ్వి, "పసిబిడ్డని మీరు ఏ చేత్తో ఎత్తుకుంటారమ్మా?" అని అడిగారు. "ఏ చేత్తో ఏంటి, రెండు చేతుల్తోనూ," అంది ఆ నాయనమ్మ. అని, కాసేపు ఆలోచించి, అరుగు మీద కూర్చుని మజ్జిగ తాగి వెళ్ళిపోయింది.

నీతి అడగటం ఆవిడకి అలవాటు లేదు. ఒకసారి ఇన్‌స్పెక్షన్‌కి వచ్చిన ఆఫీసరు గారు మా చేత కథ చదివించి, "ఈ కథలో నీతి ఏమిటి?" అన్నారు. ఆ ప్రశ్న మేమెప్పుడూ వినలేదు. టీచర్ గారు ఏమాత్రం తొణక్కుండా, "మా పిల్లలు ఇంకా కథలోనే ఉన్నారండీ, నీతి దాకా రాలేదు," అన్నారు. ఆయనకి నవ్వాలో కోప్పడాలో తెలియక టీ తాగారు. కథ పేరు చెప్పి బుద్ధులు చెప్పే పుస్తకాలంటే ఆవిడకి పడదు. "ఇది కథ వేషం కట్టిన పాఠం. దీన్ని కుడిచేతి కింద పెట్టలేను, ఎడంచేతి కింద పెట్టలేను," అని వాటిని తీసి కిటికీలో పెట్టేసేవారు.

ఆవిడ మొహం వెలిగిపోవడం నేను బాగా చూసింది తేనెమంచు పురుగు పాఠం నాడు. మామిడి పూతని పీల్చేసే పురుగది, మా ప్రాంతంలో చంటిపిల్లలకి కూడా తెలుసు. కుడిచేతి కింద దాన్ని ఎలా గుర్తించాలో, ఎప్పుడు మందు కొట్టాలో చెప్పే కరపత్రం. ఎడంచేతి కింద ఆవిడ రాసిన కథ. అందులో ఒక పిల్ల పురుగు మొదటిసారి పూత వాసన చూసి, వాళ్ళమ్మని పిలుచుకు రావడానికి పరిగెత్తుతుంది. మా క్లాసులో ఒకమ్మాయి ఉండేది, వాళ్ళమ్మ తోటల్లో మందు కొట్టే పనికి వెళ్ళేది. ఎప్పుడూ నోరు విప్పని ఆ పిల్ల లేచి నిలబడి, "టీచర్, ఇది చదివితే మందు కొట్టొద్దనిపించింది. అది చదివితే కొట్టాలనిపించింది. నేను ఒక్కదాన్నే గదా, రెండు అనిపించొచ్చా?" అంది. టీచర్ గారు బ్లేడు కింద పెట్టేశారు. ఆ ప్రశ్నని బోర్డు మీద ఓ మూల రాసి, చుట్టూ గీత గీసి, చాలా రోజులు దాన్ని చెరపనివ్వలేదు. ఎవరొచ్చినా, "మా అయిదో తరగతి అడిగిన ప్రశ్న," అని చూపించేవారు. అడిగింది ఆ అమ్మాయే అయినా, మా అందరికీ తలా కాస్త గర్వం పంచిపెట్టారు.

ఇక మా నాన్న సంగతికి వస్తాను. ఆవిడ నాకు ఏమిటో తెలిసింది అక్కడే.

మా నాన్నకి సొంత తోట లేదు. ఏటా పూత మీద ఉండగానే తోటలు వేలంలో పాడుకుని, కాపు కోయించి అమ్మడం ఆయన వ్యాపారం. మా ఊళ్ళో ఇంకో నలుగురైదుగురు అదే పని చేసేవాళ్ళు. తొలికాయకి గిరాకీ ఎక్కువ కాబట్టి, అందరూ కాయ ముదరకముందే కోసి, పెట్టెల్లో కార్బైడు పొడి పెట్టి పంపేవాళ్ళు. తెల్లారేసరికి తొక్క పసుపెక్కేది. పొడి సంగతి అందరికీ తెలుసు, ఎవరూ పైకి అనరు. అలాగే ఇంకో సంగతి కూడా అందరి ఇళ్ళలో ఉండేది. ఇంటికి వేరే కాయ, బజారుకి వేరే కాయ. మా కోసం చెట్టున ముదిరిన రసాలు కోయించి, వరిగడ్డి వేసి మంచం కింద మాగబెట్టేవాడు మా నాన్న. బజారు పెట్టె మీద నేను చెయ్యి వేస్తే చాలు, చెయ్యి పట్టుకుని ఇవతలికి లాగేసేవాడు. ఎందుకని నేనెప్పుడూ అడగలేదు. అదొక ఇంటి ఆచారం అనుకునేదాన్ని.

నేను అయిదో తరగతిలో ఉన్న ఏడు, ఒంటిపూట బడులు పెట్టాక, టీచర్ గారు రెండు చార్టులు రాసి బడి వరండాలో పక్కపక్కన తగిలించారు. కుడివైపు చార్టులో కార్బైడు గురించి నాలుగు ముక్కలు. ఎడమవైపు చార్టులో ఓ వ్యాపారి, అతని కూతురు ఉన్న చిన్న కథ. అది పిల్లల కోసమే. కానీ పిల్లలకి పోలియో చుక్కలు వేయించడానికి బడికి వచ్చిన తల్లులు చదివారు, వాళ్ళ మొగుళ్ళకి చెప్పారు, ఒకరోజు తిరిగేసరికి ఊరంతా తెలిసిపోయింది. తోటలు పాడుకునే వాళ్ళందరూ వచ్చి చదివి, ప్రతివాడూ అది పక్కవాడి గురించేనని పొట్ట పట్టుకుని నవ్వాడు. మా నాన్న ఒక్కడే అది తన గురించి అనుకున్నాడు. ఆ లెక్కన మా ఊరి వ్యాపారుల్లో చదవడం బాగా వచ్చినవాడు మా నాన్నే అని ఇప్పుడు నవ్వుతూ చెప్పుకుంటాను. ఆ రోజు మాత్రం నవ్వు రాలేదు.

"ఇంట్లో జరిగినవన్నీ బళ్ళో చెప్పొస్తున్నావా?" అన్నాడు మా నాన్న గుమ్మంలోంచే.

"నేనేం చెప్పలేదు నాన్నా."

"చెప్పకపోతే ఆవిడకెలా తెలుస్తుంది? పెట్టె దగ్గర చెయ్యి పట్టుకుని లాగింది నేను. లాగించుకుంది నువ్వు. మూడోమనిషి ఎవరున్నారక్కడ?"

నేను నిజంగా చెప్పలేదు. మా అమ్మ మధ్యలో వచ్చి, "పోనీండి, చిన్నపిల్ల," అంటే ఇంకా మండిపడ్డాడు. "రేపటినుంచి ఆ బడి వద్దు. టీసీ తీసుకుని దీన్ని విస్సన్నపేటలో మీ అమ్మ దగ్గర వదిలిపెడతాను. అక్కడ చదువుకుంటుంది," అన్నాడు. బడి పోతుందన్న బాధ ఒక ఎత్తు. మా నాన్న నా మాట నమ్మకపోవడం ఇంకో ఎత్తు. అంతకుముందెప్పుడూ ఆయన నన్ను అబద్ధాలకోరులా చూడలేదు.

మర్నాడు నన్ను బడికి పంపకుండా తనతోపాటు తోటకి తీసుకెళ్ళాడు. మధ్యాహ్నం పనివాళ్ళు కాయలు కోసే చిక్కాలు చెట్లకి ఆనించి, నీడన కూర్చుని అన్నాలు తింటున్నారు. ఇంతలో మోపెడ్ చప్పుడు. టీచర్ గారు చుట్టిన చార్టులు చంకలో పెట్టుకుని, హెల్మెట్ తీయకుండానే చెట్ల మధ్య నుంచి నడిచొస్తున్నారు. ఆ వేషానికి పనివాళ్ళలో ఆడవాళ్ళు కొంగులు నోటికి అడ్డం పెట్టుకున్నారు. ఇక్కడ మా నాన్న ఆవిడని ఏమన్నా అంటే నేను బతికున్నన్నాళ్ళూ తలెత్తుకోలేను.

"ఏంటి టీచరు గారూ, తోటలో కూడా పాఠమేనా?" అన్నాడు మా నాన్న. గౌరవం తగ్గించలేదు, కుర్చీ మాత్రం వేయించలేదు.

"అవునండీ. మీ అమ్మాయి ఇవాళ రాలేదు కదా, పాఠమే వచ్చింది," అని ఆవిడ అక్కడున్న ఖాళీ పెట్టె బోర్లించి దాని మీద కూర్చున్నారు. చార్టులు విప్పి, "చిన్న సాయం చేయండి. ఈ రెండూ పైకి చదివి పెడతారా? నేను కళ్ళజోడు తేలేదు," అన్నారు.

కళ్ళజోడు ఆవిడ మెడలో తాడుకి వేలాడుతోంది. ఆవిడ నోట నేను విన్న ఎడంచేతి మాట అదొక్కటే.

మా నాన్నకి పేపరు పైకి చదవడమంటే ఇష్టం, ఊళ్ళో అందరికీ తెలుసు. ముందు కుడివైపు చార్టు అందుకుని, రేడియోలో వార్తలు చదివినట్టు గొంతు సవరించుకుని చదివాడు. "కార్బైడుకు తేమ తగిలితే ఒక వాయువు పుడుతుంది. దాని వల్ల కాయ తొక్కకు రంగు వస్తుంది, లోపలి గుజ్జు సరిగా పండదు. ఈ పొడిలో విష పదార్థాలు కలిసి ఉండవచ్చు. దీనితో పండ్లు మాగబెట్టడాన్ని చట్టం నిషేధించింది." చదివి, చార్టు పక్కన పెట్టి, "ఇందులో కొత్తేముందండీ? అందరికీ తెలిసిందేగా," అన్నాడు తాపీగా.

రెండోది తీసుకున్నాడు. "ఒక ఊళ్ళో ఒక వ్యాపారి ఉన్నాడు. ఒక సాయంత్రం పెట్టెల్లో కాయలు సర్ది, వాటి మీద పొడి చల్లాడు..." అంటూ, ముందురోజు కోపంలో దాటేసిన ముక్క దగ్గర ఆగిపోయాడు. మొహం ఎర్రబడింది. "చల్లరండీ! ఎవరన్నా చల్లుతారా? కాగితం పొట్లాలు కట్టి గడ్డి మధ్యలో పెడతారు గానీ!"

పనివాళ్ళు గొల్లున నవ్వారు. ఏం ఒప్పుకున్నాడో అప్పటికి గానీ మా నాన్నకి తెలియలేదు. టీచర్ గారు మాత్రం నవ్వలేదు. పైగా సంచిలోంచి పెన్ను తీసి ఇచ్చి, "దిద్దండి, అది నాకు తెలియదు," అన్నారు. మా నాన్న పెన్ను పట్టుకుని ఏం చేయాలో తోచక, 'చల్లాడు' కొట్టేసి 'పొట్లాలు పెట్టాడు' అని నిజంగానే రాశాడు. రాశాక గొంతు కాస్త తగ్గించి చదవడం మొదలుపెట్టాడు. "అతని కూతురు ఆడుకుంటూ వచ్చి పెట్టెలోంచి ఒక కాయ తీసుకుంది. తండ్రి ఆ కాయ లాక్కుని, ఇవి మనవి కావమ్మా, మనవి మంచం కింద ఉన్నాయి, అన్నాడు. కూతురు పెట్టెలన్నింటి వంకా చూసి, మరి ఇవి ఎవరివి నాన్నా? అని అడిగింది."

కథ అంతే. మా నాన్న చార్టు వెనక్కి తిప్పి చూశాడు, ఇంకేమైనా ఉందేమోనని. లేదు. అప్పుడు చార్టు మడిచి నా వైపు తిరిగాడు. "ఇది నువ్వు చెప్పకపోతే ఈవిడ రాస్తుందా? మన మంచం కింద సంగతి ఈవిడకెలా తెలుసు?"

"మీ అమ్మాయి చెప్పలేదండీ," అన్నారు టీచర్ గారు. "నేను ఊహించాను. మీ వ్యాపారాలేవీ నాకు తెలియవు. పొడి ఎలా పెడతారో కూడా తెలియదని మీరే చూశారు. ఆ వ్యాపారికి కూతురంటే ప్రాణం అయి ఉంటుందని మాత్రం ఊహించాను. ప్రాణమైన పిల్లని ఆ పెట్టె ముట్టుకోనిస్తాడా? ఆ ఒక్కటీ పట్టుకుంటే మిగిలిందంతా వచ్చేసింది."

మా నాన్న నా వంక చూశాడు. ముందురోజు చూసిన చూపు కాదది. నన్ను నమ్మాడని నాకు తెలిసిపోయింది. కళ్ళనీళ్ళు వచ్చేశాయి.

టీచర్ గారు పాఠం ఆపలేదు. ఆవిడకి అది అలవాటే, సగంలో వదలరు. రెండు చార్టులూ నేల మీద పరిచి, వంగి, ఎడమ చెయ్యి కథ మీద, కుడి చెయ్యి కార్బైడు చార్టు మీద పెట్టారు. "ఒకే సంగతి రెండిట్లోనూ ఉంది. అది చదివితే మీకు కోపం రాలేదు, తెలిసిందేగా అన్నారు. ఇది చదివితే వచ్చింది. ఎందుకంటారు?" అని అడిగి, క్లాసులో మమ్మల్ని వదిలేసినట్టే ఆయన్ని వదిలేసి, హెల్మెట్ బెల్టు సరిచేసుకుంటూ కూర్చున్నారు.

మా నాన్న ఆ చార్టు వంకా ఈ చార్టు వంకా మార్చి మార్చి చూశాడు. పనివాళ్ళు కూడా తినడం ఆపేసి చూస్తున్నారు. చివరికి, "దాంట్లో మనిషి లేడండీ," అన్నాడు. ఆగి, "దీంట్లో ఉన్నాను," అన్నాడు.

"అంతేనండీ," అన్నారు టీచర్ గారు. "మా పిల్లలకి ఇది చెప్పడానికి ఎన్నాళ్ళు పట్టిందో తెలుసా!"

"మరి ఈ రెండిట్లో ఏది నిజమనుకోవాలి?" అని అడిగాడు మా నాన్న. ఆ గొంతులో వెటకారం లేదు.

"నన్నెందుకు అడుగుతారు? మా అయిదో తరగతి ఉంది కదా ఇక్కడ," అని ఆవిడ నా వైపు చూశారు.

అంతమంది పెద్దవాళ్ళ ముందు, మా నాన్నకి నేను పాఠం చెప్పడం. తొందరేం లేదన్నట్టు ఆవిడ కళ్ళతోనే చెప్పారు. "కుడిచేతి కాగితం పొడి గురించి నిజం చెప్పింది నాన్నా," అన్నాను. "ఎడంచేతి దాంట్లో ఉన్న నాన్న ఉత్తుత్తి నాన్న. ఆయన భయం మాత్రం ఉత్తుత్తిది కాదు."

శభాష్ అనలేదు ఆవిడ. ఎప్పుడూ అనరు. మెడలో ఉన్న కళ్ళజోడు తీసి కొంగుతో తుడుచుకుని, పెట్టుకుని, నన్ను ఒకసారి తేరిపార చూశారు. కళ్ళజోడు తేలేదని చెప్పిన సంగతి ఆవిడే మర్చిపోయారు. పెద్దయ్యాక ఈ కాయల వ్యాపారంలో నాకు సన్మానాలు జరిగాయి, శాలువాలు కప్పారు, పేపర్లో ఫొటో వేశారు. వాటిలో ఏదీ ఆ చూపుకి సాటి రాదు.

మా నాన్న టీసీ మాట మళ్ళీ ఎత్తలేదు. మర్నాడు నేను మామూలుగా బడికి వెళ్ళాను. ఇంట్లో మాత్రం ఏదో నడుస్తోందని తెలుస్తోంది. కొన్నాళ్ళు కోత ఆపించాడు. పనివాళ్ళు వచ్చి వెళ్ళిపోతున్నారు. తోటివాళ్ళ లారీలు ముందు వెళ్ళిపోతుంటే, టీ కొట్టు దగ్గర ఆటపట్టిస్తుంటే, ఏం జవాబు చెప్పేవాడో తెలియదు గానీ, ఇంటికొచ్చి కాళ్ళు కడుక్కుని పేపరు చదువుకునేవాడు. మా అమ్మ భయపడి, "ఏవండీ, ఈ ఏడు ఏమవుతుందో," అంటే, "ముదరనీ," అనేవాడు. కాయ ముదిరాక కోయించాడు. పెట్టెల్లో గడ్డి మామూలుకంటే దట్టంగా వేయించాడు.

వేసవి సెలవులు ఇచ్చే ముందు ఒక పొద్దున, నేను సంచి తగిలించుకుని బయల్దేరుతుంటే ఆయన వరండాలో పెట్టెలు సర్దిస్తున్నాడు. బజారుకి వెళ్ళే పెట్టెలు. నన్ను పిలిచాడు. ఒక పెట్టెలో చెయ్యి పెట్టి, గడ్డి తప్పించి, బాగా పండిన చిన్న రసం ఒకటి తీసి నా చేతిలో పెట్టాడు. నేను మంచం వైపు చూశాను. "దాని కింద ఏం లేదు. ఈ ఏడు వేరేగా పెట్టలేదు," అన్నాడు. అని, ఇంకోటి తీసి, "ఇది మీ టీచరు గారికి," అన్నాడు.

బండి మీద నన్ను తనే దింపాడు. గేటు దగ్గరే ఆగిపోయాడు, లోపలికి రాలేదు. నేను క్లాసులోకి పరిగెత్తి టీచర్ గారి చేతిలో పండు పెట్టాను.

"మీ మంచం కిందదా?" అన్నారు ఆవిడ.

"కాదు టీచర్. బజారు పెట్టెలోది."

ఆవిడ ఒక్క క్షణం నా మొహంలోకి చూశారు. కిటికీలోంచి గేటు దగ్గర నిలబడ్డ మా నాన్నని చూశారు. తర్వాత, కత్తి అడగలేదు, నీళ్ళు అడగలేదు, మధ్యాహ్నం దాకా దాచుకోలేదు. వరండాలోకి వచ్చి, ఆయన కళ్ళ ముందే తొడిమ దగ్గర కొరికి, మోచేతి దాకా రసం కారుతుంటే, టెంక మిగిలేదాకా తిన్నారు.